గళ్ళక్క గీసిన నీళ్ళు

మా నీళ్ళ ఆఫీసులో ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా కనబడదు. అందరికీ గళ్ళక్కే. ఆ పేరు ఆవిడ వెనకాలే తువ్వాళ్ళ మిల్లు నుంచి నడిచొచ్చింది. అక్కడ నమూనాల గదిలో ఇరవై మూడేళ్ళు కూర్చుని గళ్ళ కాగితం మీద రంగు పెన్సిళ్ళతో గళ్ళు నింపిందావిడ. ఒక గడి అంటే నిలువు పోగూ అడ్డం పోగూ ఒకదాని మీద ఒకటి ఎక్కే చోటు. ఆ కాగితం చూసి మగ్గాల వాళ్ళు తువ్వాలు అంచున పక్షుల్ని, తీగల్ని దించేవాళ్ళు. ఒక్క గడి తప్పితే వెయ్యి తువ్వాళ్ళ మీద పక్షికి ముక్కుండదు. "ముక్కులేని పక్షుల్ని నేనొక్కసారే పుట్టించాను, అదీ జ్వరంలో," అని చెప్పుకునేది.

మిల్లుకి నమూనాలు గీసే యంత్రం వచ్చాక ఆ గదిలో ఉన్న ఐదుగురిలో ముగ్గురిని పంపేశారు. ఆ ముగ్గురిలో ఈవిడ ఒకతె. నలభై తొమ్మిదేళ్ళ వయసులో, వేలికి పెన్సిలు కాయతో సహా, మా దగ్గర రిజిస్టరు గుమస్తాగా చేరింది. నా బల్ల పక్కనే ఆవిడ బల్ల. నా పని ఫిర్యాదుల ఫోను ఎత్తడం. నీళ్ళు రాకపోతే తిట్టేవాళ్ళు, వస్తే ఎర్రగా వస్తున్నాయని తిట్టేవాళ్ళు. నేను తిట్లు తింటుంటే ఆవిడ పక్కనుంచి ఓ యాలక్కాయ నా చేతిలో పెట్టేది. అంతే మా స్నేహం మొదలు.

రోజూ పొద్దున ఆవిడ ఆవరణ చివరున్న పంపు గదికి వెళ్ళి, ముందురోజు గంటగంటకీ ట్యాంకుల్లో నీటి మట్టం ఎంతుందో రాసిన పుస్తకం తెచ్చి పెద్ద రిజిస్టరులోకి ఎక్కించాలి. మూడు ట్యాంకులు. ఆ పంపులు నడిపేది పెద్దన్న. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. ఇంజనీర్లు తొమ్మిదిమంది మారారు, ఆయన మాత్రం ఆ స్టూలు మీదే ఉన్నాడు. ఒకప్పుడు గోడకి పళ్ళేలంత ముళ్ళ మీటర్లు ఉండేవి. ముల్లు ఎక్కడుందో చూసి వాల్వు తిప్పేవాడు. రెండేళ్ళ కిందట వాటిని పీకేసి ఒక కంప్యూటరు తెర పెట్టారు. నల్లటి తెర, దాని మీద ఆకుపచ్చ అక్షరాలు, అంకెలు, వరసలు వరసలుగా పైకి జరుగుతూ ఉంటాయి. ట్యాంకు ఒకటి ఇంత, లోపలికి ఇంత, బయటికి ఇంత, వాల్వు తెరుపు, వాల్వు మూత. బొమ్మా లేదు, ముల్లూ లేదు.

ఆ యేడు ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం రెండింటికి నా ఫోను మోగడం మొదలుపెట్టి ఆగలేదు. రెండో ట్యాంకు పొంగుతోంది. కింద వీధిలో మోకాలి లోతు నీళ్ళు. ఒక దర్జీ దుకాణం నేలమాళిగలో బట్టల తానులన్నీ తేలుతున్నాయట. నలభై మూడు ఫోన్లు ఎత్తాను ఆ పూట. జనం నీళ్ళు లేక అల్లాడుతుంటే గంటన్నర సేపు నీళ్ళు కాలవపాలయ్యాయి.

ఇంజనీరుగారు పంపు గదికి పరిగెత్తారు. వెనకాలే మేం. తెర మీద రెండో ట్యాంకు వందకి వంద అని గంటన్నర నుంచీ చెబుతూనే ఉంది. పెద్దన్న దాని ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.

"కళ్ళు కనబడటం లేదా?" అన్నారు ఇంజనీరుగారు.

"అద్దాలు విరిగాయండి," అన్నాడు పెద్దన్న. జేబులోంచి తీసి చూపించాడు. నిజంగానే ఒక కాడ లేదు.

మర్నాడు మెమో ఇచ్చారు. ఇంకొక్కసారి ఇలా జరిగితే పంపుల మీంచి తీసేసి గొట్టాల యార్డుకి కాపలాదారుగా వేస్తామని. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళుంది ఆయనకి.

మేమంతా రెండ్రోజులు దాని గురించే చెప్పుకుని మూడోరోజు మర్చిపోయాం. గళ్ళక్క మర్చిపోలేదు. ఆవిడ పంపు గది పుస్తకం ముందు పెట్టుకుని పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పుతోంది.

"చెల్లీ, ఇటు చూడు. ఈ ఏడంకెకి నడుం మీద అడ్డగీత ఉంది. రెండేళ్ళుగా ప్రతి ఏడుకీ ఉంది. ఈ నెల నుంచీ ఆ గీత లేదు."

"అయితే ఏమైంది?"

"పొంగిన వారమైతే అసలు ఏడులే లేవు. అన్నీ యాభైలే. గంటగంటకీ యాభై. నీళ్ళేమన్నా రాయా, కదలకుండా ఉండటానికి?"

ఇరవై మూడేళ్ళు గళ్ళు చూసిన కన్ను మరి. ఆవిడ ఆ పుస్తకం చంకన పెట్టుకుని పంపు గదికి బయల్దేరింది, ఫోను కాసేపు పక్క బల్ల గుమస్తాకి అప్పజెప్పి నేనూ వెళ్ళాను.

పెద్దన్న మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. గళ్ళక్క స్టూలు పక్కన ఉన్న బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది.

"పెద్దన్నా, వదిన ఊళ్ళో లేదా?"

ఆయన తెర వైపు తిరిగాడు.

"రోజూ అన్నం పట్టుకొచ్చి సాయంత్రందాకా ఇక్కడే ఉండేది కదా. ఎప్పుడొచ్చినా అల్లుకుంటూ కనబడేది."

"కూతురికి పురుడు. నెల అయింది వెళ్ళి," అన్నాడు. మళ్ళీ స్టూలు మీద కూర్చుని, "మొదటి మూడు వారాలూ పక్క వర్క్‌షాపులో కుర్చీలు బాగుచేసే ఆయన్ని బతిమాలుకున్నాను. ఆ వారం ఆయనా సెలవు పెట్టాడు," అన్నాడు.

అద్దాలు విరిగింది ఆ రోజు కాదు. పోయిన సంవత్సరం ఎప్పుడో. ఆయనకి చదువు రాదు. ఒకటి నుంచి పది దాకా అంకెలు పోల్చుకోగలడు, అవి కదలకుండా ఉంటే. ముళ్ళ మీటర్ల రోజుల్లో ఆ అవసరమే రాలేదు. తెర వచ్చినప్పటి నుంచీ భార్య అన్నం క్యారేజీతో వచ్చి, అల్లిక ఒళ్ళో పెట్టుకుని, తెర చదివి చెబుతూ ఉంటే ఈయన వాల్వులు తిప్పేవాడు. పుస్తకం రాసేదీ ఆవిడే. ఆ వారం యాభైలు మాత్రం ఈయన గీసినవి.

"ఇవి పురుగుల్లా పాకిపోతాయమ్మా," అన్నాడు తెర వైపు చెయ్యి చూపించి. "ముప్పై ఏళ్ళు నీళ్ళతో బతికాను. చదువు రాదని ఇప్పుడు తెలిస్తే ఆ ముప్పై ఏళ్ళూ అబద్ధమే అంటారు. ఎవరికీ చెప్పకండి."

ఎవరికీ చెప్పబోమని మాటిచ్చింది గళ్ళక్క. నా వైపు చూసింది. నేనూ తలూపాను. తిరిగొచ్చే దారిలో ఆవిడ నడకని అందుకోవడానికి నాకు పరుగే అయింది.

"మా మగ్గాల వాళ్ళలో సగం మందికి సంతకం రాదు తెలుసా? కానీ నా గళ్ళ కాగితం ఇస్తే తడుముకోకుండా చదివేవాళ్ళు. ఈయనకి చదువు రాకపోవడం కాదు, ఆ తెరకి రాయడం రాదు."

మా కంప్యూటర్లు చూడటానికి హెడ్డాఫీసు నుంచి ప్రతి గురువారం ఒకావిడ వచ్చేది. ముప్పై అయిదేళ్ళుంటాయి. మాట కత్తెరలా ఉండేది. వెనకాల మేం కంప్యూటరమ్మ అనేవాళ్ళం. ఆ గురువారం గళ్ళక్క ఆవిడకి టీ తెప్పించి, ఆ నల్లతెర మీద ట్యాంకు బొమ్మ పెట్టొచ్చా అని అడిగింది.

"రాదండీ. అది అక్షరాల తెర. బొమ్మలు దానికి తెలీవు. అక్షరాలే వస్తాయి."

"ఒక్కో అక్షరం ఎంత చోటు తీసుకుంటుందమ్మా?"

"ఒక గడి."

గళ్ళక్క చేతిలో టీకప్పు బల్ల మీద పెట్టేసింది. "గడా? గడులు ఎన్ని?"

"అడ్డంగా ఎనభై, నిలువుగా ఇరవై నాలుగు."

"అంటే పంతొమ్మిది వందల ఇరవై. చేతిరుమాలు మూల కూడా కాదు. సరే, గడి మొత్తం నిండిపోయే అక్షరం ఏదన్నా ఉందా?"

కంప్యూటరమ్మ మొదటిసారి ఆవిడ మొహంలోకి చూసింది. "ఉంది. నిండు గడి ఉంది. సగం గడి ఉంది. చుక్కలు చల్లినట్టుండే గళ్ళు కూడా మూడు రకాలున్నాయి, పల్చనివి, ఓ మాదిరివి, చిక్కనివి."

"రంగులు?"

"పదహారు."

"ఇక ఏం కావాలమ్మా," అంది గళ్ళక్క. "నేను ఆరు రంగులతో నెమలిని చేశాను."

కంప్యూటరమ్మకి అసలు సంగతి చెప్పలేదు. చూడగానే తెలిసేలా ఉంటే ఇంకెప్పుడూ ట్యాంకు పొంగదు కదా అని మాత్రమే చెప్పింది. ఆవిడ ఆలోచించి, ఒక్కో ట్యాంకుకి ఖాళీ నుంచి నిండుదాకా పదకొండు బొమ్మలు చేసి ఇస్తే, మట్టాన్ని బట్టి ఏ బొమ్మ చూపించాలో ప్రోగ్రాములో తాను రాస్తానంది. అయితే బొమ్మల్ని ఎలా చేసుకుంటారో మాత్రం మీ ఇష్టం, నాకు అంత తీరిక లేదు అని లేచిపోయింది.

గళ్ళక్క రెండ్రోజుల్లో కాగితం మీద బొమ్మ గీసేసింది. అసలు కష్టం అక్కడ మొదలైంది. కాగితం మీది గడిని తెర మీదికి ఎక్కించడం ఎలా? కంప్యూటరమ్మ రాసిచ్చిన చీటీ ప్రకారం రంగు మారిన ప్రతిచోటా ఒక సంకేతం టైపు చెయ్యాలి. కనబడని గుర్తు ఒకటి, బ్రాకెట్టు ఒకటి, రంగు నంబరు, చివర ఓ చిన్నక్షరం. నేను టైపు చేస్తుంటే ఆవిడ గళ్ళు లెక్కపెట్టి చెప్పేది. మధ్యాహ్న భోజనాల వేళ నాలుగు రోజులు కూర్చుని ట్యాంకు అడుగు దాకా వచ్చాం. ఐదో రోజు తెరిచి చూస్తే తెరంతా ఎర్రగా మండిపోతోంది. ఎక్కడో ఒక చిన్నక్షరం జారిపోయింది. ఒక్కసారి ఎరుపు అని చెబితే మళ్ళీ వద్దనేదాకా ఎర్రగానే రాస్తుందట అది. ఆ జారిన అక్షరం వెతికేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

"ముప్పైమూడు బొమ్మలు ఇలా చేస్తే నేను రిటైరవడం కాదు, నీ కూతురు రిటైరవుతుంది," అన్నాను.

"ఇంత పెద్ద ప్రపంచంలో ఈ బాధ మనకే వచ్చి ఉంటుందా? ఎవడో ఒకడు దీనికి ఉపాయం కనిపెట్టే ఉంటాడు. వెతుకు."

వెతకడం మొదలుపెట్టాం. అక్షరాల తెర మీద రంగుల బొమ్మలు గీసే సరదా ఒకప్పుడు చాలామందికి ఉండేదట. వాళ్ళు గీసిన కోటలు, పులులు, మంటలు చూసి గళ్ళక్క నోరు తెరిచేసింది. "అబ్బ, ఆ పులి మీసం చూడు, సగం గడితో దించాడు!" పని మర్చిపోయి అరగంట పులినే చూసింది. కానీ వాళ్ళు వాడిన సాఫ్ట్‌వేర్లన్నీ పాతికేళ్ళ కిందటివి. మొదట దొరికింది మా కంప్యూటరు మీద తెరుచుకోనే లేదు. రెండోది తెరుచుకుంది, చక్కగా గీయనిచ్చింది, కానీ చివర్లో దాన్ని ఫొటోగా తప్ప దాచనంది. ఫొటో మాకెందుకు, అక్షరాలు కావాలి. మూడోదానికి మౌసు కావాలి, మా కంప్యూటరు మౌసు పాడై నెలలైంది. నాలుగోది ఇరవై నాలుగో వరుస దాటాక ఆగకుండా కిందికి పోతూనే ఉండేది, బావిలో బొక్కెన తాడు వదిలేసినట్టు. ఐదోది తెరవగానే కంప్యూటరు ఆగిపోయింది. ఇంజనీరుగారు అటుగా వచ్చి, "ఏమ్మా, ఏదో కాలిన వాసన?" అన్నారు. అదృష్టం కొద్దీ అది వంటగదిలో మాడిన రొట్టె.

మూడు వారాలు గడిచాయి. ఈలోగా గళ్ళక్క గంటకోసారి ఏదో ఒక వంక పెట్టుకుని పంపు గదికి వెళ్ళి తెర చదివి చెప్పి వస్తోంది. ఆఫీసులో జనం నవ్వుకున్నారు. "గళ్ళక్కకి షుగరు వచ్చినట్టుంది, కూర్చున్నచోట కూర్చోదు," అని ఒకరు. ఆవిడ పట్టించుకోలేదు.

చివరికి ఒక మంగళవారం నాకొక పేజీ తగిలింది. బొమ్మల్లేవు, ఆర్భాటం లేదు, తెల్ల కాగితం మీద నాలుగు పేరాలు. రాసినాయన పేరు కూడా ముద్దుపేరే. ఇది అక్షరాల తెరలోనే నడుస్తుంది, మౌసు అక్కర్లేదు, బాణం మీటలతో కదలండి, పై వరుస మీటలు నొక్కితే గళ్ళు పడతాయి, అని రాసుంది. దింపుకున్నాం. తెరిచాం. నల్లటి తెర, మధ్యలో మినుకుమంటూ ఒక గడి. కింద పదహారు రంగులు వరసగా, పక్కనే నిండు గడి, సగం గడి, చుక్కల గళ్ళు.

గళ్ళక్క నన్ను కుర్చీలోంచి లేపేసి తను కూర్చుంది. అప్పటిదాకా కీబోర్డు ముట్టడానికే జంకేది. బాణం మీట ఒకటి నొక్కింది, గడి కదిలింది. పై మీట నొక్కింది, నీలం గడి పడింది. ఇంకోటి. ఇంకోటి. ఒక వరుసంతా ఎంచి కిందికి అతికించొచ్చని కనిపెట్టింది. నాలుగున్నరకి మొదటి ట్యాంకు సగం నీళ్ళతో నిలబడింది, పక్కన మెట్ల నిచ్చెనతో సహా. ఆ సాఫ్ట్‌వేరు అసలు పేరు మా నోట తిరిగేది కాదు. ఆవిడ దానికి గళ్ళపెట్టె అని పేరు పెట్టింది.

సంతోషం రెండ్రోజులే. బొమ్మని పంపు గది తెర మీద తెరిస్తే చుక్కల గళ్ళున్న చోటల్లా ప్రశ్నార్థకాలు వచ్చాయి. ట్యాంకు నిండా నీళ్ళకి బదులు ప్రశ్నలే. గురువారం కంప్యూటరమ్మని అడిగితే చెప్పింది: కంప్యూటర్లు ప్రతి అక్షరానికీ లోపల ఒక నంబరు పెట్టుకుంటాయి, ఈ సాఫ్ట్‌వేరు పాతకాలం నంబర్లతో దాస్తోంది, మా తెర కొత్త నంబర్లు అడుగుతోంది. "చేసినాయనే మార్చాలి. ఆయన ఉన్నాడో పోయాడో," అంది.

"ఉత్తరం రాద్దాం," అంది గళ్ళక్క.

ఆవిడ చెబితే నేను నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. నేను తువ్వాళ్ళ నమూనాలు గీసేదాన్ని, ఇప్పుడు నీళ్ళ ట్యాంకులు గీస్తున్నాను, మీ పెట్టె నా చేతికి పాత పెన్సిల్లా ఉంది, కానీ నీళ్ళన్నీ ప్రశ్నార్థకాలవుతున్నాయి, ఒక మనిషి ఉద్యోగం దీని మీద ఉంది, దయచేసి చూడగలరు అని.

తొమ్మిదో రోజున జవాబొచ్చింది. ఆయన ఓడల్లో రేడియో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాడు. డెబ్భై ఒక్కేళ్ళు. తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు, తను తిరిగిన ఓడల్ని గీసుకోవడానికి ఈ సాఫ్ట్‌వేరు రాసుకున్నాడట. "ఆరేళ్ళుగా దీని గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. వాడేది నేనొక్కణ్ణే అనుకున్నాను. సరిచేసి పంపుతున్నాను. వీలైతే మీ ట్యాంకు ఒకటి నాకు పంపండి," అని రాశాడు. గళ్ళక్క ట్యాంకు పంపింది. ఆయన తిరుగు టపాలో ఒక ఓడ పంపాడు. ఇక చూడండి, వీళ్ళిద్దరికీ మధ్య నేను దుబాసీని.

ముప్పైమూడు బొమ్మలూ పూర్తయ్యాయి. నీళ్ళు నీలం. వాల్వు తెరిచి ఉంటే గొట్టం ఆకుపచ్చ, మూసి ఉంటే ఎరుపు. కంప్యూటరమ్మ తన మాట నిలబెట్టుకుని వాటిని తగిలించింది. ఆవిడకి అప్పటికి పట్టుదల వచ్చేసింది. ఇంజనీరుగారికి చూపించేముందు పెద్దన్నకి చూపిద్దామని గళ్ళక్క మమ్మల్ని తీసుకెళ్ళింది.

తెర వెలిగింది. మూడు ట్యాంకులు, మూడు మట్టాలు. పెద్దన్న స్టూలు మీంచి ముందుకి వంగాడు.

"ఒకటోది సగం పైన. రెండోది అడుక్కొచ్చింది. మూడోది నిండబోతోంది," అన్నాడు టకటకా. ఆయన గొంతు మారిపోయింది.

"వాల్వులు?" అడిగింది గళ్ళక్క.

ఆయన చూశాడు. ఇంకా ముందుకి వంగి చూశాడు. "వాల్వులేమిటమ్మా? గొట్టాలన్నీ ఒకే రంగులో ఉన్నాయి కదా."

మేం ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. తెర మీద ఒకటి చిలకపచ్చ, ఒకటి మిరపపండు ఎరుపు.

"నీకు ఎరుపూ పచ్చా తేడా తెలీదా పెద్దన్నా?"

"అదా," అన్నాడు ఆయన, అదేదో అందరికీ ఉండేదే అన్నట్టు. "టమాటా పండిందో లేదో మీ వదినే చెబుతుంది."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్ని వారాల కష్టం, గోరుచుట్టు మీద రోకటిపోటు. కంప్యూటరమ్మ తలపట్టుకుంది. గళ్ళక్క మాత్రం నవ్వేసింది. నిజంగా నవ్వింది, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"తెల్ల తువ్వాలు మీద తెల్ల పువ్వు నేసేవాళ్ళం మేం. రంగే లేదు దానికి. నేత తేడా మీదే పువ్వు కనబడుతుంది. రంగు లేకపోతే నమూనా లేదని ఎవరన్నారు?"

మళ్ళీ గీసింది. తెరిచిన వాల్వు గొట్టంలో చుక్కల గళ్ళు, నీళ్ళు పారుతున్నట్టు. మూసిన వాల్వు దగ్గర గొట్టం నిండు గడులతో బిగిసిపోయి, అడ్డంగా ఒక గడియ. రంగులు నీలం, పసుపుగా మార్చింది. పెద్దన్నని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ రెండు రంగులు ఆయన కంటికి విడిగా కనబడతాయో ఒక్కొక్కటే అడిగి మరీ. నిండిపోయిన ట్యాంకు మూతమీద పసుపు గళ్ళు నురగలా పొంగేలా పెట్టింది. "దీన్ని చూసి ఎవడికైనా తెలీకపోతే వాడు నిద్రపోతున్నట్టే," అంది.

ఇంజనీరుగారు వచ్చారు. చేతులు కట్టుకుని తెర చూశారు. "పిల్లల ఆటబొమ్మలా ఉంది," అన్నారు.

"చూడగానే తెలుస్తోందాండీ?" అడిగింది కంప్యూటరమ్మ.

ఆయన టేబులు మీది అట్ట తీసుకుని, తెర కిందభాగంలో అంకెలున్న చోట అడ్డం పెట్టారు. "పెద్దన్నా, రెండో ట్యాంకు ఎంత?"

"ముప్పాతిక. వాల్వు మూసుంది."

"మూడోది?"

"పావుకి తక్కువ. నీళ్ళు వస్తున్నాయి."

తొమ్మిది ప్రశ్నలడిగారు. మధ్యలో కంప్యూటరమ్మ చేత బొమ్మలు మార్పించారు. తొమ్మిదింటికీ ఆగకుండా చెప్పాడు. ఇంజనీరుగారు అట్ట తీసేశారు. ఆ తర్వాత ఒక నిమిషం అంకెల వైపు చూశారు, పెద్దన్న వైపు చూశారు, బల్ల మీదున్న పుస్తకం వైపు చూశారు. ఆయనకి అర్థమైందో లేదో నేనిప్పటికీ చెప్పలేను. ఆయన అన్నది ఇంతే:

"బొమ్మ పైన ఉంచండి. అంకెలు కింద ఉంచండి, అవి నాకు కావాలి. ఈ పుస్తకం చేత్తో రాయడం ఇక అనవసరం, కంప్యూటరే గంటగంటకీ అచ్చు వేస్తుంది. ఆ ఏర్పాటు చూడండమ్మా."

మెమో సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మర్నాడు పెద్దన్న గళ్ళక్క బల్ల దగ్గరికి వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని, "మీ కిటికీ గొళ్ళెం వదులైనట్టుందమ్మా," అని దాన్ని బిగించి వెళ్ళిపోయాడు.

ఆయన ఆ స్టూలు మీద ఇంకో నాలుగేళ్ళు పనిచేశాడు. ట్యాంకు మళ్ళీ పొంగలేదు. ఒక్కసారి మాత్రం పొంగబోయింది, అదీ మీటరు తప్పు వల్ల. బొమ్మలో సగమే నీళ్ళున్నాయి. ఆయన గొట్టానికి చెవి ఆనించి, "గళ్ళమ్మా, నీ బొమ్మ ఇవాళ అబద్ధం చెబుతోంది," అని ఫోను చేయించి వాల్వు కట్టేశాడు. వెళ్ళి చూస్తే ట్యాంకు అంచుదాకా ఉంది. లోపలి తేలుడు గుండు మట్టిలో ఇరుక్కుపోయింది. ఆ రోజు ఇంజనీరుగారు ఆయనకి స్వయంగా టీ పోసిచ్చారు. చదువు మాత్రం ఆయన నేర్చుకోలేదు. గళ్ళక్క రెండుసార్లు నేర్పుతానంది. "ఇప్పుడెందుకమ్మా, నీళ్ళు కనబడుతున్నాయిగా," అన్నాడు.

ఊళ్ళో మిగతా ఏడు పంపు గదులకీ ఆ బొమ్మలే పెట్టారు. ఒక్కోచోట ట్యాంకు ఒక్కో ఆకారం, అన్నీ గళ్ళక్కే గీసింది. పని పెరిగింది కానీ హోదా రిజిస్టరు గుమస్తానే. పోయిన ఏడాది పెద్ద స్టేషన్లకి ఫొటోల్లాంటి కొత్త తెరలొచ్చాయి. గళ్ళ ట్యాంకులు ఇప్పుడు రెండు చిన్న పంపు గదుల్లోనే ఉన్నాయి. ఆవిడ బాధపడలేదనను. రెండ్రోజులు నా చేతిలో యాలక్కాయ పడలేదు. తర్వాత ఓడల ఆయనకి ఉత్తరం రాయించింది, నీళ్ళ పని అయిపోయింది, ఇక సొంతానికి గీసుకుంటాను అని.

ఇప్పుడు ఇంట్లో పాత కంప్యూటరు ఒకటి కొనుక్కుంది. వాళ్ళాయన ఇనుప కడ్డీలు చెక్కే లేతు మిషను మీద పనిచేస్తాడు. పోయిన ఆదివారం ఆవిడ ఆ లేతు మిషను గీసి చూపించిందట. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని పావుగంట చూశాడట.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"మా మిషనులో కడ్డీని పట్టుకునే చక్కుకి మూడే దవడలు, నువ్వు నాలుగు పెట్టావు అన్నాడు. చెరిపేసి మళ్ళీ గీస్తున్నాను."